ఊరికి జబ్బు చేసినప్పుడు ఉద్యోగం నెట్టుకురావడం ఎలా?

2020 మార్చి మూడో వారంలో తిరుమల దర్శనాలు ఆగిపోయాయి. మళ్లీ జూన్ 8న గానీ మొదలుకాలేదు. కొండ మీదికి భక్తులు రాకపోతే కింద తిరుపతి ఏమవుతుందో ఆ రెండున్నర నెలల్లో అందరికీ తెలిసొచ్చింది. లాడ్జీ గుమాస్తాలు, జీపు డ్రైవర్లు, హోటల్ సర్వర్లు చేతిలో పనిలేక, జీతం వస్తుందో రాదో తెలియక కుమిలిపోయారు. అదే ఊళ్లో రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో నర్సులకూ ఆయాలకూ పారిశుద్ధ్య కార్మికులకూ తలెత్తే తీరిక లేదు. ఎవరిని కదిపినా టెన్షన్ అనే మాటే వినిపించేది. ఎవరికైనా దొరికిన సలహా కూడా ఒకటే: ధైర్యంగా ఉండండి. ఆ సలహా ఇచ్చినవారిలో చాలామంది ఇంట్లో కూర్చుని ఫోన్ చేసినవాళ్లే అనుకోండి, అది వేరే విషయం.

అలాంటి రోజులు మళ్లీ వస్తే ఉద్యోగి ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. కరోనా అంత పెద్దదే రావాలని లేదు. అక్టోబరు, నవంబరు వానల్లో డెంగీ, విషజ్వరాలు విజృంభిస్తే చాలు, సిబ్బందిలో సగం మంది మంచమెక్కి మిగతా సగం మంది మీద రెట్టింపు పని పడుతుంది. నేను చెప్పే వరుసలో ఒక పట్టుదల ఉంది: ముందు పని ఏర్పాటును సరిచేసుకోవాలి, మనసు సంగతి ఆ తర్వాత. పన్నెండు గంటల షిఫ్టును అలాగే ఉంచి ప్రాణాయామం చేయమంటే అది ఒత్తిడికి మందు కాదు, ఒత్తిడిని ఓర్చుకునే శిక్షణ.

1. మిమ్మల్ని నలుపుతున్నది ఏమిటో తేల్చుకోండి

ఒక తెల్లకాగితం తీసుకోండి. "నాకు ఒత్తిడిగా ఉంది" అని మాత్రం రాయకండి. ఆ వాక్యంతో మీ పై అధికారి గానీ డాక్టరు గానీ చివరికి మీరు గానీ చేయగలిగిందేమీ ఉండదు. పోయిన వారం నిద్ర పట్టని రాత్రులు గుర్తు తెచ్చుకుని, ఆ పగలు ఏం జరిగిందో రాయండి. ఎవరు ఏమన్నారు, మీరు ఏం చేయబోయి ఆగిపోయారు, ఎన్ని గంటలకు ఇల్లు చేరారు, ఇవన్నీ. రాసింది చదివితే అది దాదాపు ఐదింటిలో ఏదో ఒకటిగా తేలుతుంది: పని మోయలేనంత పెరగడం, నిర్ణయం మన చేతిలో లేకపోవడం, జబ్బు సోకుతుందన్న భయం, డబ్బు భయం, చేయాల్సింది చేయలేకపోయామన్న బాధ.

పని పెరగడం పైకి కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే పట్టుకుంటారు. నా ఉద్దేశంలో ఎక్కువమందిని కుంగదీసేది రెండోది. పని బరువు ఎక్కువై, ఆ పనిని ఎలా చేయాలో నిర్ణయించే అధికారం తక్కువైన చోట మనిషి త్వరగా దెబ్బతింటాడని రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే ఒక నమూనా వేసి చూపించాడు. అది అర్థం కావాలంటే సంక్షోభ సమయంలో ఏదైనా ఆసుపత్రి కౌంటరు దగ్గర ఒక గంట నిలబడితే చాలు. పడకలు ఖాళీ లేవని చెప్పాల్సింది గుమాస్తా. పడక ఇప్పించే అధికారం మాత్రం ఆయనకు లేదు. అద్దానికున్న చిన్న సందులోంచి ఒకేసారి నాలుగు చేతులు ఆధార్ కార్డులతో లోపలికి వస్తాయి. పక్కన ఫోను మోగుతూనే ఉంటుంది. శానిటైజర్ రాసి రాసి పగిలిన వేళ్ల సందుల్లో మంట. వరుసలో వెనకనున్న పెద్దాయన కేకలు వేయడు, మెల్లగానే అడుగుతాడు: "మీ ఇంట్లోవాళ్లయితే ఇట్లాగే అంటావా నాయనా?" గుమాస్తా తల దించుకుని రిజిస్టరులో తర్వాతి పేరు రాసుకుంటాడు. అలాంటి మనిషికి కావలసింది ఒక రోజు సెలవు కాదు, "పడకల సంగతి చెప్పే బాధ్యత ఫలానా డాక్టరుది" అని కౌంటరు మీద అతికించిన ఒక కాగితం.

ఐదోదాన్ని మనస్తత్వ శాస్త్రంలో నైతిక గాయం అంటారు. 2021 మే 10 రాత్రి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగింది. 11 మంది చనిపోయారని అధికారులు ప్రకటించారు. అలాంటి రాత్రి డ్యూటీలో ఉండి, చేతనైనదంతా చేసినా మనుషులను నిలపలేకపోయినవారిని ఇంటికెళ్లి పడుకోమంటే నిద్ర ఎలా వస్తుంది? ఈ బాధకు విశ్రాంతి ఒక్కటే సరిపోదు. ఆ రాత్రి పక్కన ఉన్నవారితో కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి, అవసరమైతే మానసిక వైద్య నిపుణుల ఎదుట.

డబ్బు భయమైతే కాగితం మీద అంకెలు వేయండి. ఇంటి అద్దె, బియ్యం, మందులు, పిల్లల ఫీజు, అప్పుల వాయిదాలు కలిపితే నెలకు ఎంత కావాలి, సగం జీతమే వస్తే ఎంత తగ్గుతుంది? తేలిన అంకె ఎంత పెద్దదైనా, అంకె లేని భయం కంటే దానితో వేగడం సులువు. వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి. తప్పాక వెళితే మాట తీరు మారిపోతుంది.

2. శరీరం లెక్క రెండు వారాలు రాయండి

జేబులో పట్టే నోటుపుస్తకం చాలు. ప్రతి రాత్రి నాలుగు సంగతులు: ఎన్ని గంటలు నిద్రపోయాను, రెండు పూటలా తిన్నానా, ఎవరి మీద విసుక్కున్నాను, పనిలో ఏ పొరపాటు చేశాను లేదా చేయబోయాను. ఈ నాలుగోది ముఖ్యం. అలసట మొదట మాటలో కంటే పనిలో బయటపడుతుంది. కండక్టరు చిల్లర తప్పు ఇవ్వడం, నర్సు ఒకే మందును రెండుసార్లు నమోదు చేయబోవడం, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో లైను మీద పనిచేసే అమ్మాయి చూసిన సర్క్యూట్ బోర్డునే మళ్లీ చూడటం, ఇలా.

పని వల్ల వచ్చే ఈ అరుగుదలను, అంటే ఇంగ్లిషులో బర్నౌట్ అనేదాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో నిర్వచించింది. దాన్ని రోగం అనలేదు, పనికి సంబంధించిన పరిస్థితి అంది. లక్షణాలు మూడు చెప్పింది: శక్తి అడుగంటడం, ఉద్యోగం పట్ల విరక్తి లేదా వెటకారం, పనితనం తగ్గడం. మధ్యలోదాన్ని మనవాళ్లు ఎవరూ ఒత్తిడిగా గుర్తించరు. నిన్నటిదాకా రోగులను పేరు పెట్టి పిలిచిన మనిషి ఈరోజు "ఆ మూడో బెడ్డు" అంటుంటే, పొగరెక్కిందని అనకండి. నూనె అయిపోతోందని అర్థం.

ఒక జాగ్రత్త. ఆందోళనలో గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందనట్టు ఉంటుంది. అంటువ్యాధి లక్షణాలూ కొన్ని అలాగే ఉంటాయి, గుండెపోటు లక్షణాలూ అంతే. కాబట్టి "టెన్షనేలే" అని మీకు మీరే తీర్పు చెప్పుకోకండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ముందు 108కి ఫోన్ చేయండి. టెన్షన్ అని తేల్చాల్సింది డాక్టరు.

3. వార్తలకు వేళ పెట్టండి

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో రాత్రి పదకొండుకు వచ్చే ఫార్వర్డు మెసేజ్ ఎవరికీ మేలు చేసిన దాఖలా లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నమ్మకమైన వార్త చూడండి, చాలు. పడుకునే ముందు వద్దు. అయితే మీ విభాగంలో ఎవరికైనా పాజిటివ్ వచ్చిందా, రేపు డ్యూటీ ఉందా లేదా అన్నవి మాత్రం పుకారుగా కాకుండా ఒకే మనిషి నోట రావాలి. ఆ మనిషి ఎవరో యాజమాన్యాన్ని అడిగి తేల్చుకోండి.

4. అడగండి, కాగితం మీద అడగండి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మన దగ్గర ఉద్యోగులు అడగకపోవడానికి కారణం భయం ఒక్కటే కాదు, మొహమాటం కూడా. అందరూ కష్టపడుతుంటే నేనొక్కదాన్నే ఎలా అడగను అనుకుంటారు. అందుకే మీ కష్టం గురించి అడగకండి, పని ఏర్పాటు గురించి అడగండి. ఇలా సాగుతుంది సంభాషణ:

"మేడమ్, మీతో పది నిమిషాలు మాట్లాడాలి."

"ఇప్పుడా? పరిస్థితి చూస్తున్నావు కదమ్మా."

"సాయంత్రం షిఫ్టు మారేటప్పుడు రమ్మంటారా మేడమ్?"

"టెన్షన్ అందరికీ ఉంది, నీకొక్కదానికే కాదు."

"అవును మేడమ్. అందుకే నా గురించి కాదు, రోస్టరు గురించి మాట్లాడాలనుకుంటున్నాను."

ఆ చివరి మాట దగ్గర చాలామంది అధికారులు కుర్చీ చూపిస్తారు. వ్యక్తిగత మొర అనుకుంటే విసుక్కునేవారు, పని ఆగిపోతుందంటే వింటారు. మీరు రాసుకున్న నోటుపుస్తకం ఇక్కడే పనికొస్తుంది. మాట్లాడి వచ్చాక అదే రోజు నాలుగు వాక్యాల వినతి ఇవ్వండి. ఏం జరుగుతోంది, దానివల్ల పనికి ఏ ముప్పు, మీరు కోరే ఒకే ఒక్క మార్పు, ఎప్పటివరకు. ఉదాహరణకు:

"గత మూడు వారాలుగా నాకు విరామం లేకుండా రాత్రి డ్యూటీలు పడుతున్నాయి. ఒకరి రిపోర్టు మరొకరి ఫైలులో పెట్టబోయి రెండుసార్లు చివరి నిమిషంలో గమనించాను. వచ్చే సోమవారం నుంచి వరుసగా మూడు రాత్రులకు మించకుండా, ఆపైన ఒక రోజు విశ్రాంతి ఉండేలా డ్యూటీ మార్చవలసిందిగా కోరుతున్నాను. ఈ మార్పు నెలాఖరు వరకు అమలుచేసి చూడగలరని మనవి."

ఒకేసారి ఆరు కోరికలు కోరితే ఆరూ పోతాయి. నకలు మీద తేదీ వేయించుకుని ఒకటి దగ్గర ఉంచుకోండి. మాటతోనే సరిపెడతామన్నా నొచ్చుకోకుండా, నవ్వుతూనే కాగితం ఇచ్చి రండి. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులైతే ఒక నకలు కాంట్రాక్టరుకు, ఇంకొకటి మీరు పనిచేసే సంస్థకు ఇవ్వాలి. ఈ ఊళ్లో ఎవరి పని ఎవరి లెక్కలో ఉంటుందో కనుక్కోవడమే సగం పని.

ఒంటరిగా అడిగే ధైర్యం లేకపోతే ముగ్గురు కలిసి సంతకం చేయండి. యూనియన్ ఉంటే వారి చేత అడిగించండి.

5. షిఫ్టు లోపల నిలదొక్కుకోండి

ఏర్పాటు మారేలోగా రోజు గడవాలి కదా. జోడీ పెట్టుకోండి: ప్రతి షిఫ్టులోనూ ఒకరినొకరు గమనించుకునే ఇద్దరు. నీ కళ్లు వాచాయి, వెళ్లి నీళ్లు తాగిరా అని చెప్పే హక్కు ఒకరికొకరు ఇచ్చుకోవాలి. రక్షణ దుస్తుల్లో గంటల తరబడి ఉండేవారు మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేస్తారు. చిత్తూరు, తిరుపతి ఎండల్లో అది తలనొప్పితో మొదలై కళ్లు తిరిగి పడిపోవడం దాకా వెళుతుంది. దుస్తులు వేసుకునే ముందూ విప్పిన వెంటనే నీళ్లు తాగడం అలవాటు చేసుకోండి.

గుండె వేగం పెరిగినప్పుడు, నాలుగు అంకెలు లెక్కిస్తూ ముక్కుతో ఊపిరి తీసుకుని, ఆరు అంకెలు లెక్కిస్తూ మెల్లగా వదలండి. ఇలా ఓ రెండు మూడు నిమిషాలు. వదిలే ఊపిరి పొడవుగా ఉంటే గుండె వేగం నెమ్మదిస్తుంది. కౌంటరు దగ్గర కూర్చునే చేయవచ్చు, ఎవరికీ తెలియదు. టీ సంగతి కూడా చెప్పాలి. తాగిన ఐదారు గంటలకు గానీ టీ, కాఫీల్లోని కెఫీన్ సగానికి తగ్గదు. రాత్రి డ్యూటీలో తెల్లవారుజామున నాలుగుకు తాగిన టీ మీ పగటి నిద్రను తినేస్తుంది. ఒంటిగంటకు తాగి ఆపేయండి.

ఎవరైనా మీద పడి కొట్టబోతే వాదనకు దిగకండి, పక్కకు తప్పుకుని సెక్యూరిటీని పిలవండి, ఆ తర్వాత ఫిర్యాదు రాసి ఇవ్వండి. అంటువ్యాధి సమయంలో ఆరోగ్య సిబ్బందిపై దాడి చేస్తే మూడు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉండేలా 2020లో అంటువ్యాధుల చట్టాన్ని సవరించారు. తీవ్ర గాయమైతే శిక్ష ఏడేళ్ల వరకు ఉండవచ్చు.

బెంగళూరు, చెన్నై కంపెనీల పని చిత్తూరులో ఇంట్లో కూర్చుని చేసేవారికి వేరే బాధ. ఆఫీసు ఎక్కడ ముగిసిందో, ఇల్లు ఎక్కడ మొదలైందో తెలియదు. లాప్‌టాప్ మూసే వేళ ఒకటి పెట్టుకుని, ఆ వేళకు దాన్ని బీరువాలో పెట్టి వీధి చివరిదాకా నడిచి రండి.

6. ఇంటితో ముందే మాట్లాడుకోండి

జబ్బు ఇంటికి తెస్తానేమోనన్న భయం, నాకే వస్తుందన్న భయం కంటే పెద్దది. ముఖ్యంగా ఇంట్లో షుగరున్న అత్తగారో, చంటిబిడ్డో ఉంటే. దీనికి ధైర్యం చెప్పుకోవడం కంటే ఏర్పాటు చేసుకోవడం నయం. చెప్పులు ఎక్కడ విడవాలి, బట్టలు ఏ బకెట్లో నానబెట్టాలి, స్నానం అయ్యేదాకా పిల్లలను ఎవరు పట్టుకోవాలి, ఎవరికైనా జ్వరం వస్తే ఏ గది ఇవ్వాలి, ఆ గదికి భోజనం ఎవరు అందించాలి అన్నవి ఒక ఆదివారం కూర్చుని తేల్చుకోండి. గది లేని ఇళ్లే ఎక్కువ. అలాంటప్పుడు ఎవరింటికి ఎవరు వెళ్లాలో ముందే బంధువులతో అనుకోవాలి.

ఆడవాళ్ల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చిన కోడలికి ఇంట్లో ఇంకో షిఫ్టు సిద్ధంగా ఉంటుంది. సంక్షోభం ఉన్నన్నాళ్లూ వంట ఎవరిది, అంట్లు ఎవరివి అన్నది పంచుకోండి. "సాయం చేస్తాం" అనే మాట వద్దు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పమనండి. నోరు తెరిచి అడగడానికి మొహమాటమైతే అడగాల్సింది భర్త, వాళ్ల అమ్మను.

7. చట్టం ఇచ్చేది వదులుకోకండి

జీతం చీటీ తీసి చూడండి. నెల జీతం 21,000 రూపాయలు మించని ఉద్యోగులకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా, వర్తిస్తుంది. మీ జీతంలో 0.75 శాతం, యాజమాన్యం వాటాగా 3.25 శాతం జమ కావాలి. మీ దగ్గర కోత పడుతున్నా అవతల జమ కాని సందర్భాలుంటాయి కాబట్టి ఈఎస్ఐ వెబ్‌సైటులో మీ నంబరుతో సరిచూసుకోండి. ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, జబ్బు పడినప్పుడు వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు అనారోగ్య భత్యం వస్తుంది. దానికి ఈఎస్ఐ డాక్టరు ఇచ్చే ధ్రువపత్రం తప్పనిసరి. ప్రైవేటు డాక్టరు చీటీ ఒక్కటే పట్టుకుని వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లు ఎందరో.

ఆరోగ్య బీమా ఉన్నవారికి ఇంకొకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బుల చికిత్సకూ బీమా వర్తింపజేయాలి. మీ పాలసీలో షరతులు ఎలా ఉన్నాయో ఇప్పుడే అడిగి తెలుసుకోండి, ఆసుపత్రిలో చేరాక కాదు.

8. సాయం ఎప్పుడు తీసుకోవాలి?

నోటుపుస్తకంలో రెండు వారాల పాటు దాదాపు ప్రతిరోజూ దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెదరడం కనిపిస్తే డాక్టరును కలవండి. మద్యం అలవాటు పెరిగినా అంతే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పి, ఒంటరిగా ఉండకుండా, 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవ. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. నేరుగా కలవాలంటే రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎవరైనా చూస్తారేమోనని బెంగపడేవారికి ఒక మాట: అంత పెద్ద ఆసుపత్రిలో ఓపీ చీటీ పట్టుకున్నవాళ్లు ఏ గదికి వెళ్తున్నారో ఎవరూ లెక్కపెట్టరు.

మీరు పై అధికారి అయితే

మీకు రాసేది తక్కువే. రోస్టరు కనీసం వారం ముందు ఇవ్వండి. తెలియని విషయాన్ని తెలియదనే చెప్పండి. కౌంటరు దగ్గర, వార్డులో ఉన్నవాళ్లను లోపలి పనితో వంతులవారీగా మార్చండి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పని ప్రదేశాల్లో మానసిక ఆరోగ్యంపై ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ పై అధికారులకు శిక్షణ ఇవ్వాలనీ, పని ఏర్పాటులోనే మార్పులు తేవాలనీ ఉంది. యోగా గురువును పిలిపించే ముందు ఎందరికి వారపు సెలవు బాకీ ఉందో చూడండి.

9. కేసులు తగ్గాక

విచిత్రమేమిటంటే చాలామంది కూలబడేది అప్పుడే. నెలల తరబడి బిగబట్టుకున్న మనిషికి, తీరిక దొరికిన మొదటి వారంలోనే ఏడుపొస్తుంది, జ్వరమొస్తుంది, ఉద్యోగం మానేయాలనిపిస్తుంది. ఆ వారంలో రాజీనామా రాయకండి. ముందు బాకీ సెలవులు లెక్కగట్టి, ఏ తేదీల్లో వాడుకుంటారో రాసి ఇవ్వండి. అదనపు గంటల డబ్బు రావాల్సి ఉంటే నోటుపుస్తకంలోని తేదీలతో సహా అడగండి. జబ్బుపడి కోలుకుని వచ్చిన సహోద్యోగి ఉంటే, మొదటి రోజే పూర్తి షిఫ్టు ఎక్కించవద్దని మీ అధికారికి చెప్పండి. అంటువ్యాధుల తర్వాత నీరసం వారాల తరబడి ఉండవచ్చు. మొదటి వారం సగం పూట, కూర్చుని చేసే పని ఇప్పించి, వారం చివర ఆ మనిషినే అడిగి గంటలు పెంచండి.